రెండో చెవి

"మాస్టారూ, మౌసుతో నొక్కుకుంటూ కట్టే లెక్క మంచిదా, స్క్రిప్టు రాసి కట్టే లెక్క మంచిదా?" అని ఒక సాయంత్రం ప్రసూన అడిగింది.

కోదండపాణి గారిని అందరూ మాస్టారనే పిలుస్తారు గాని ఆయన ఏ బళ్లోనూ పాఠం చెప్పలేదు. ముప్పై ఏళ్లు ఓడల యార్డులో ఇనుముతో కాపురం చేసి, రిటైరయ్యాక హార్బరు రోడ్డులో ఒక మేడ మీద రెండు గదులు తీసుకున్నారు. బరువులెత్తే దూలాలూ, చట్రాలూ ఎంత మోయగలవో లెక్క కట్టి ఇవ్వడం అక్కడ పని. ఆ పని నేర్చుకోవడానికి ఇంజనీరింగు చదివిన పిల్లలు ఆయన దగ్గర చేరుతుంటారు. ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పకపోవడం ఆయన అలవాటు. అడిగినవాళ్లని ఏదో ఒక చోటికి తీసుకెళ్తారు, కాకపోతే ఏదో ఒక పని పురమాయిస్తారు. జవాబు దొరికిందా అని ఆ తర్వాత అడగను కూడా అడగరు. దొరకనివాళ్లు ఆయన్ని చాదస్తుడనుకుంటారు. దొరికినవాళ్లూ అప్పుడప్పుడూ అలాగే అనుకుంటారు.

నిజానికి ప్రసూన అడిగింది తెలుసుకుందామని కాదు, భయం పట్టుకుని. ఆ ఆఫీసులో చేరి ఆమెకి మూడేళ్లయింది. కంప్యూటరు తెర మీద దూలం బొమ్మ పెట్టి, మౌసుతో దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, బరువు ఎక్కడ పడుతుందో అక్కడ నొక్కి, ఎంత బరువో, ఎటు లాగుతుందో నింపుతుంది. అన్నీ నింపి నడిపిస్తే సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మకి రంగులు పూసి చూపిస్తుంది. ఒత్తిడి తక్కువున్న చోట నీలం, ఎక్కువున్న చోట ఎరుపు. ఆ పనిలో ఆమె బాగా చెయ్యి తిరిగిన మనిషి. ఆర్నెల్ల కిందట జయపాల్ వచ్చాడు. అతను మౌసు ముట్టుకోడు. ఏ బరువు ఎక్కడ పెట్టాలో, ఏ పలక మందం ఎంతో వరసగా పంక్తులు రాసి, ఆ స్క్రిప్టుని నడిపిస్తాడు. ఆమెకు రోజంతా పట్టే పని అతనికి గంట. యార్డువాళ్లు ఏదైనా కొలత మారిస్తే ఆమె మళ్లీ మొదటి నుంచి నొక్కుకుంటూ రావాలి, అతను ఒక అంకె మార్చి టీకి వెళ్తాడు. వెళ్లేటప్పుడు ఆమె బల్ల పక్కనుంచే వెళ్తాడు, పాపం కావాలని కాదు, దారి అదే. అయినా అతను లేచినప్పుడల్లా తన పని ఇంకా ఎంత మిగిలిందో ఆమె చూసుకునేది. ఇంకో ఏడాదికి ఈ గదిలో తను ఎవరికీ అక్కర్లేని మనిషి అవుతుందేమోనని భయం.

మాస్టారు ఆ ప్రశ్న విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రేపు పొద్దున్న తనతో యార్డుకి రమ్మన్నారు. ఆమె లెక్క కట్టిన దూలంతో రేపు ఇంజను ఎత్తుతున్నారట, వచ్చి చూడమన్నారు. ఆమె సరేనంది. ఈ మూడేళ్లలో తను లెక్క కట్టిన దూలం ఒక్కటి కూడా పైకి లేవగా ఆమె చూసింది లేదు. కాగితం పంపడంతో ఆమె పని అయిపోయేది, ఎత్తే రోజున మాస్టారే వెళ్లొచ్చేవారు.

మర్నాడు తొమ్మిదిన్నరకి వాళ్లు వెళ్లేసరికి గట్టు పక్కన ఒక టగ్గు కట్టి ఉంది. పెద్ద ఓడల్ని రేవులోకి లాక్కొచ్చే పొట్టి పడవ అది. పాత ఇంజను తీసేసి కొత్తది దాని కడుపులోకి దించాలి. ఇంజను బరువు ఇరవై రెండు టన్నులు. సముద్రం పోటు మీదుండగానే పడవ గట్టు ఎత్తుకి లేస్తుంది, పోటు తీస్తే కిందికి జారిపోయి క్రేనుకి అందదు. అందుకని పన్నెండు లోపల పని అయిపోవాలని యార్డు మేనేజరు నిలబడ్డ చోట నిలబడకుండా తిరుగుతున్నాడు. పడవ లోపల, ఇంజను కూర్చునే గుంటలో, ఇద్దరు ఖలాసీలు అప్పటికే దిగి ఉన్నారు. పై నుంచి వచ్చే ఇంజనుని చేత్తో సర్ది బోల్టుల మీదికి కూర్చోబెట్టడం వాళ్ల పని. ఆ గుంటలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు లేదు. బయటికి రావడానికి ఒక్కటే ఇనుప నిచ్చెన.

క్రేను కొక్కేనికీ ఇంజనుకీ మధ్య ప్రసూన దూలం అడ్డంగా వేలాడుతుంది. దానికి రెండు కొసలా ఒక్కో మందపాటి పలక నిలబెట్టి వెల్డింగుతో అతికించి, బెజ్జం పెట్టారు. ఆ బెజ్జాల్లో పిన్నులు దూర్చి ఇంజను తాళ్లు తగిలిస్తారు. డ్రాయింగులో ఆ పలకలకి ఇంగ్లిషు పేరుంది గాని ఖలాసీలు వాటిని చెవులంటారు. బరువంతా ఆ రెండు చెవుల మీదే. చెవి ఊడితే ఇంజను ఎక్కడ పడుతుందో ఎవరూ ఆమెకి చెప్పనక్కర్లేకపోయింది. గట్టు మీద నిలబడి గుంటలోకి చూస్తే రెండు పసుపు టోపీలు కనబడుతున్నాయి.

ఖలాసీల పెద్ద పేరు మస్తాన్. ఆ పెద్దని రేవులో సారంగు అంటారు. మస్తాన్‌కి అరవై దాటాయి, కాగితాలు చూడడు. లెక్క కట్టిన మనిషి వచ్చి దూలం మీద అరచెయ్యి ఆనించి, నోటితో ‘ఎత్తండి’ అనాలి. ఆ మాట వినేదాకా అతను క్రేను డ్రైవరుకి చెయ్యి ఊపడు. ఇది అతని ముందున్న సారంగు పెట్టిన ఆచారం. ఎందుకు పెట్టాడో మస్తాన్‌కి తెలుసుగాని, అడిగితే మాట మారుస్తాడు. ఇన్నేళ్లూ ఆ మాట చెప్పింది మాస్టారే. ఆ రోజు కూడా మస్తాన్ ఆయన వైపే తిరిగి, ఈ లెక్క ఎవరు కట్టేరు బాబూ అని మర్యాదకి అడిగాడు. మాస్టారు ప్రసూనని చూపించి, రెండడుగులు వెనక్కి వేశారు.

ప్రసూన ముందుకెళ్లి దూలం మీద చెయ్యి పెట్టింది. ఎండకి ఇనుము అప్పుడే వేడెక్కుతోంది. నోరు తెరవబోతుంటే మస్తాన్ మామూలుగానే ఒక మాట అడిగాడు.

"అమ్మా, ఈ రెండో చెవికాడ తాడు పక్కకి లాగతాది. అది చూసేరు కదా?"

చూశాననడానికి ఆమెకి అర క్షణం చాలు. కాని ఆ అర క్షణంలోనే ఏదో అడ్డుపడింది. మొదట ఇచ్చిన ప్లానులో తాళ్లు రెండూ నిట్టనిలువుగా ఉన్నాయి. తర్వాత యార్డువాళ్లు, ఇంజను దించే గుంట నోరు సరిగ్గా క్రేను కిందికి రావడం లేదనీ, ఇంజనుని కొంచెం పక్కకి లాగి దించాలనీ కబురు పెట్టారు. అలా లాగితే మొదటి చెవి దగ్గర తాడు కాస్త వాలుతుంది, రెండో చెవి దగ్గర బాగా వాలుతుంది. ఆమె కూర్చుని లెక్క మార్చింది. తెర మీద మొదటి చెవి తన వైపే ఉంది, దాని మీద నొక్కి లాగుడు ఏటవాలుగా మార్చింది. అది గుర్తుంది. రెండోది బొమ్మకి అవతలి వైపుంది. బొమ్మ తిప్పాలి, నొక్కాలి, మార్చాలి. తిప్పిందా? తిప్పినట్టే ఉంది. నొక్కిందా?

ఎంత వెతుక్కున్నా ఆమెకి రంగుల బొమ్మే గుర్తొస్తోంది. మొదటి చెవి మొదలు దగ్గర ఎర్రటి మచ్చ, మిగతా అంతా ఆకుపచ్చా నీలమూ. చూడ్డానికి ముచ్చటగా వచ్చిందని అనుకోవడం కూడా గుర్తుంది. కాని తన వేలు ఆ మధ్యాహ్నం ఏమేం నొక్కిందో ఎక్కడా రాసి లేదు, ఆమె తలలోనూ లేదు. చెయ్యి దూలం మీద నుంచి తీస్తే అందరికీ తెలిసిపోతుందని, తీయకుండా అలాగే నిలబడింది. మేనేజరు గడియారం చూసుకున్నాడు. గుంటలోంచి ఎవరో, దించతారా లేదా సారంగూ, ఇక్కడ ఉడికిపోతన్నాం అని కేకేశారు.

ఒక్క నిమిషం అని చెప్పి ఆమె జయపాల్‌కి ఫోను చేసింది. మాస్టారి ఆఫీసులో ఏ లెక్కయినా ఇద్దరు కట్టాలి, ఒకరిది ఒకరు చూడకుండా. ఈ దూలాన్ని జయపాల్ స్క్రిప్టు రాసి విడిగా కట్టాడు. కట్టాక ఇద్దరి కాగితాల్లోనూ వచ్చిన పెద్ద ఒత్తిడి అంకె ఒకటే. తను మర్చిపోయి ఉంటే ఆ రెండు అంకెలూ కలిసేవి కావు కదా అని ఆమె తనకి తనే చెప్పుకుంటోంది. చెప్పుకుంటున్న కొద్దీ నమ్మకం తగ్గుతోంది.

జయపాల్ నిమిషంలో స్క్రిప్టు తీశాడు. అతని గొంతులో బెరుకేమీ లేదు. రెండో చెవి, ఫేసు ముప్పై ఏడు, ఏటవాలు లాగుడు, ఇదిగో పద్దెనిమిదో పంక్తిలో రాసే ఉందక్కా అన్నాడు. ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మోడల్లో ఒక్కో ఉపరితలాన్నీ ఆ సాఫ్ట్‌వేర్ ఫేసు అంటుంది, వాటికి నంబర్లు తనే పెట్టుకుంటుంది. జయపాల్ చెప్పింది చాలు, ఫోను పెట్టేయవచ్చు. కాని ప్రసూన మూడేళ్లు బొమ్మ చూసి బతికిన మనిషి. ముప్పై ఏడు అన్న అంకెకి ఆమె కళ్ల ముందు ఏ బొమ్మా రాలేదు.

"ఆ ముప్పై ఏడు బొమ్మలో ఎక్కడుందో ఒక్కసారి చూసి చెప్పు."

"రాసి ఉంది కదక్కా."

"చూసి చెప్పు జయపాల్."

అవతల మౌసు చప్పుడు వినపడింది. జయపాల్ మౌసు పట్టుకోవడం ఆమె వినడం అదే మొదటిసారి. పదిహేను రోజుల కిందట పిన్ను లావు పెరిగిందని చెవుల బెజ్జాలు పెద్దవి చేశారు, అంచులు చెక్కారు. ఆ మార్పుతో సాఫ్ట్‌వేర్ తన నంబర్లన్నీ మళ్లీ మొదటి నుంచి వేసుకుంది. జయపాల్ కొత్త కొలతలు వేసి, మొదటి చెవి నంబరు మార్చాడుగాని పద్దెనిమిదో పంక్తిలో పాత నంబరు పాత నంబరుగానే ఉండిపోయింది. రాసింది రాసినట్టే ఉంది కాబట్టి అతను మళ్లీ చూడలేదు.

"అక్కా," అన్నాడు చివరికి. "ముప్పై ఏడు చెవి కాదు. దూలం కింద అడ్డపలక."

ఆమె తన ఫైలు తెరిచి చూడమంది. అందులో రెండో చెవి మీద బరువు ఉంది, పాత ప్లానులో ఉన్నట్టు నిట్టనిలువుగా. ఆమె బొమ్మ తిప్పలేదు. ఇద్దరూ మొదటి చెవిని సరిగ్గా కట్టారు, ఇద్దరి కాగితాల్లోనూ పెద్ద అంకె ఆ చెవిదే. అందుకే కలిసింది. ఇప్పుడు పక్కకి లాగబోయే ఆ రెండో చెవికి మాత్రం లెక్క కట్టినవాళ్లెవరూ లేరు. అది ఎంత మోస్తుందో ఈ గట్టు మీద గాని, ఆ మేడ మీద గాని ఒక్కరికీ తెలియదు.

ఏదో కాస్త తేడా ఉండొచ్చు, చెవి మందమైనదే, ఆగుతుందిలే అని ప్రసూన లోపల ఒక గొంతు చాలా తియ్యగా చెబుతోంది. పని ఆపితే మేనేజరు ఏమంటాడో, మాస్టారి పేరు ఏమవుతుందో, తను ఇంక ఆ ఆఫీసు మెట్లెక్కగలదో లేదో, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. మాస్టారి వైపు చూసింది. ఆయన ఆమె వైపే చూస్తున్నారు, ముఖం పాలిపోయి ఉంది. ఆయనా భయపడుతున్నారని ఆమెకి అప్పుడు తెలిసింది. తెలిశాక ఇంకా భయమేసింది.

ఆమె దూలం మీద నుంచి చెయ్యి తీసి మస్తాన్ వైపు తిరిగింది.

"ఎత్తకండి."

మస్తాన్ వెంటనే క్రేను వైపు తిరిగి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు, గుంటలోకి వంగి ఇద్దర్నీ పైకి రమ్మన్నాడు. వాళ్లు నిచ్చెన మీద ఒకరి వెనక ఒకరు ఎక్కొచ్చారు. ముందొచ్చినవాడికి ఆమె వయసే ఉంటుంది. టోపీ తీసి చెమట తుడుచుకుని, పక్కవాడి సీసాలో నీళ్లు తాగి, ఏటైందని ఎవర్నీ అడక్కుండా నీడలో కూర్చున్నాడు. మూడేళ్లుగా ఆమె కట్టిన దూలాల కింద ఇలాంటివాళ్లు ఎంతమంది నిలబడి ఉంటారో ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకోకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు.

మేనేజరు నోటికొచ్చినట్టు మాట్లాడాడు. పోటు పోయింది, ఒక రోజు పోయింది, ఆడపిల్లని పంపి ఆట్లాడుతున్నారా అన్నాడు. మాస్టారు తన శిష్యురాలిని వెనకేసుకు రాలేదు. "రెండు కాగితాల్లో ఒకే అంకె ఉందని చూసి సంతకం పెట్టింది నేను. ఆ అంకె ఎక్కడిదని నేనూ అడగలేదు," అని మాత్రం అన్నారు. ఆ తర్వాత రేపు పోటు ఎప్పుడో మస్తాన్‌ని అడిగి, షెడ్డులో ఒక బల్ల ఖాళీ చేయించారు.

ఆ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ప్రసూనా, ఫోనులో జయపాలూ మళ్లీ మొదలుపెట్టారు. అతను స్క్రిప్టులో ఒక్కో పంక్తీ పైకి చదువుతాడు. ఆమె బొమ్మ తిప్పి, ఆ పంక్తి చెప్పిన చోటు మీద వేలు పెట్టి, ఇది చెవా, పలకా, అతుకా అని పేరు పలుకుతుంది. తర్వాత తిరగేసి చేశారు. ఆమె బొమ్మ మీద ఒక చోటు చూపిస్తే అది ఏ పంక్తిలో ఉందో అతను వెతకాలి. బొమ్మలో కనబడి పంక్తుల్లో లేనిది ఇంకొకటి కూడా దొరికింది, అదృష్టం కొద్దీ చిన్నది. స్కూలు పిల్లలు ఎక్కాలు అప్పజెప్పుకుంటున్నట్టుందని మస్తాన్ గుమ్మంలో నిలబడి కాసేపు విని వెళ్లాడు. మధ్యాహ్నం రెండింటికి రెండో చెవి లెక్క తేలింది. చెవి మొదలు దగ్గర ఒత్తిడి ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ ఉంది. ఎత్తి ఉంటే చెవి వంగేది. వంగి ఆగేదో, అతుకు తెగి ఊడేదో ఆ లెక్క చెప్పలేదు. ప్రసూన షెడ్డు బయటికి వెళ్లి, నీడలో కూర్చున్న ఇద్దరు ఖలాసీల్నీ చూసి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే చెవికి రెండు వైపులా ఆసరా పలకలు అతికించారు. అతికించాక మళ్లీ లెక్క కట్టారు, అలాగే అప్పజెప్పుకుంటూ. ఈసారి మాస్టారు కూడా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, పెద్ద అంకె చెప్పినప్పుడల్లా, అది ఎక్కడిది అని అడిగారు. ఎక్కడిదో చూపించేదాకా రాసుకోలేదు.

మర్నాడు పోటు గంట ఆలస్యంగా వచ్చింది. జయపాల్ కూడా వచ్చాడు, ఎవరూ రమ్మనకుండానే. ఇద్దరు ఖలాసీలూ నిచ్చెన దిగి గుంటలోకి వెళ్లారు. ప్రసూన వాళ్ల టోపీలు లోపలికి మాయమయ్యేదాకా చూసి, వెళ్లి దూలం మీద చెయ్యి పెట్టింది. మస్తాన్ ఆమె ముఖం కేసి చూశాడు. "ఎత్తండి," అంది ఆమె. అతను చెయ్యి ఊపాడు.

తాళ్లు బిగుసుకుని కీచుమన్నాయి. ఇంజను నేల విడిచింది. అది గట్టు దాటి, పక్కకి జరిగి, పడవ కడుపులోకి మెల్లగా దిగడానికి నలభై నిమిషాలు పట్టింది. రెండో చెవి దగ్గర తాడు వాలినప్పుడు జయపాల్ తల తిప్పేసుకున్నాడు. ప్రసూన తిప్పుకోలేదు, తిప్పుకుంటే ఏదో అయిపోతుందనిపించింది. కింద నుంచి సుత్తి చప్పుడూ, తర్వాత కూకున్నాది అన్న కేకా వినపడ్డాయి. ఇద్దరూ పైకి వచ్చారు. మేనేజరు ఎవరికో ఫోను చేసి నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

తిరిగి వెళ్లేటప్పుడు కారు దగ్గర ఆమె తన చేతులు చూసుకుంది. ఇంకా వణుకుతున్నాయి. జయపాల్‌కి కనబడకుండా చున్నీలో చుట్టుకుంది గాని మాస్టారి కంట పడనే పడ్డాయి. ఆమెకి సిగ్గేసింది.

"లెక్కలో తప్పు లేదు మాస్టారూ, మనం ముగ్గురం చూశాం. ఇంజను కూడా కూర్చుంది. అయినా ఇవి ఆగటం లేదు."

మాస్టారు కారు తలుపు తీసి పట్టుకున్నారు.

"వణకనీ అమ్మా. ఆగిపోయిన రోజున మాత్రం దాచకుండా నాతో చెప్పు."